ఏహెచ్‌సీఐ పెట్టగానే నీలి తెర: తప్పు ఎస్‌ఎస్‌డీది కాదు

మాస్టారూ, మీ పర్లాకిమిడి డెస్క్‌టాప్‌లో పాత డిస్కును 240 జీబీ ఎస్‌ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) క్లోన్ చేశారు, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేశారు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) డిస్కుతో మాట్లాడే పాత పద్ధతి ఐడీఈ మోడ్ తీసి, కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐ పెట్టగానే విండోస్ ఆగిపోయి నీలి తెర వచ్చింది. షాపతను మదర్‌బోర్డు మార్చాలన్నాడు. అక్కర్లేదండీ.

విండోస్ ఐడీఈలో ఇన్‌స్టాల్ అయింది కాబట్టి బూట్ సమయంలో ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని లోడ్ చేసుకోదు. ముందు బయోస్‌లో మళ్లీ ఐడీఈ పెట్టి విండోస్‌లోకి వెళ్లండి. విండోస్ మీటతో ఆర్ నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కి టిక్ పెట్టండి. రీస్టార్ట్ అవుతుండగానే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ చేయండి. విండోస్ 8 లేదా ఆ తర్వాతిదైతే, సేఫ్ మోడ్‌లో (కనీస డ్రైవర్లతో) ఒక్కసారి తెరుచుకుంటే డ్రైవర్ కుదురుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసేయడం మరిచిపోవద్దు, లేదంటే ఎప్పుడూ సేఫ్ మోడ్‌లోనే లేస్తుంది.

ఇదంతా అయ్యేదాకా పాత డిస్కును బోర్డుకి కలిపే సాటా కేబుల్ పీకేసి ఉంచండి. క్లోన్‌లో రెండు డిస్కుల సంతకం (విండోస్ డిస్కును గుర్తుపట్టే నంబరు) ఒకటే ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసేస్తుంది.

వేగం సెకనుకు 270 ఎంబీ దాటట్లేదన్నారు. మీ బోర్డులోని హెచ్61 చిప్‌సెట్ సాటా పోర్టులు 3 జీబీపీఎస్‌వే (సెకనుకు గిగాబిట్లు, గిగాబైట్లు కాదు), అంతకన్నా ఆశ పడకండి. చిన్న ఫైళ్లు చకచకా తెరుచుకోవడంలోనే అసలు తేడా తెలుస్తుంది. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి బిగింపు పట్టీ దొరక్కపోతే డబుల్ టేప్ చాలు, అందులో తిరిగే భాగాలేమీ లేవు.

4 జీబీ ర్యామ్ మాత్రం తక్కువే. బరంపురం వెళ్తే డెస్క్‌టాప్‌కి పనికొచ్చే డీడీఆర్3 4 జీబీ ఇంకొకటి అడగండి, పొరపాటున ల్యాప్‌టాప్‌ది అంటగడతారు.