రైఫిల్‌కి కొయ్య కొక్కేలు: ముందు తుపాకీ కొలత, తరవాతే చెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

గోడమీద రైఫిల్ పెట్టుకోవడానికి మోటు చెక్కతో కొక్కేలు చేస్తున్నానని, చెక్క సిద్ధంగా ఉందని, కొలతలు చెప్పమని రాశావు. కొలతలు నేను చెప్పేవి కావు, నీ తుపాకీ చెప్పాలి. దాని బరువు ఎక్కడ నిలుస్తుంది, బోల్టు (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి ఎటు పొడుచుకొస్తుంది, స్కోపు (గురి చూసే దుర్భిణి) ఉందా లేదా అన్నవి తేలాక రంపం పట్టుకో.

అంతకన్నా ముందు చూసుకోవలసిందొకటి ఉంది. గోడ కొక్కెం ప్రదర్శనకే గాని భద్రతకు కాదు. పేలే తుపాకీని తాళం వేసిన బీరువాలోనే ఉంచాలని చాలా చోట్ల నిబంధన ఉంటుంది. పాతకాలపువాటికి, పనిచేయకుండా చేసినవాటికి, ఎయిర్ రైఫిళ్ళకి ఒక్కోచోట ఒక్కో నియమం. నీ లైసెన్సు షరతులు చదువుకో, అనుమానముంటే లైసెన్సు ఇచ్చిన ఆఫీసులో అడుగు. వాళ్ళు కాదంటే ఇదే కొక్కేనికి నమూనా తుపాకీ తగిలించు, చెక్కపని ఎక్కడికీ పోదు.

ఇక కొలతలు. మేగజైన్ (తూటాల పెట్టె) తీసెయ్, బోల్టు వెనక్కి లాగి ఛాంబరు (తూటా కూర్చునే చోటు) కంటితో చూడు, వేలు పెట్టి కూడా చూడు. ఆ తరవాత బోల్టు పూర్తిగా బయటికి తీసి వేరే గదిలో పెట్టు. తూటాలు నువ్వు పనిచేసే గదిలో అసలు ఉండకూడదు. రైఫిల్‌ని పెద్ద అట్టమీద పక్కకి పడుకోబెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గియ్యి. గొట్టం వెంబడి తిన్నగా ఒక గీత లాగు. గోడమీద అడ్డంగా కనిపించాల్సింది ఆ గీతే. ఇప్పుడు తుపాకీని మడిచిన తువ్వాలు మీద ఆనించి, ఎక్కడ ఇటూ అటూ ఒరగకుండా నిలుస్తుందో చూసి, ఆ చోట కాగితం టేపు అంటించు. అదే తూగే చోటు. మామూలు బోల్టు రైఫిల్లో అది మేగజైన్ దరిదాపుల్లో ఉంటుంది. స్కోపు బిగించాక చూస్తే జరుగుతుంది కాబట్టి, ఎలా తగిలించబోతున్నావో అలాగే తూచు.

రెండు కొక్కేలూ ఆ టేపుకి చెరో పక్కన రావాలి. ముందుది గొట్టం కింది కొయ్య భాగానికి ఆనాలి, ఉత్త గొట్టానికి కాదు. స్లింగు (భుజాన వేసుకునే పట్టీ) తగిలించే చిన్న బొడిపె అక్కడుంటే రెండు మూడు సెంటీలు తప్పించు. వెనకది ఎక్కడన్నదే అసలు చిక్కు. బట్ (భుజానికి ఆనే వెనక కొయ్య) కింది అంచు వెనక్కి పోయేకొద్దీ కిందికి దిగుతుంది. ఆ ఏటవాలు మీద కొక్కెం పెడితే తుపాకీ నెమ్మదిగా వెనక్కి జారుతుంది. రోజూ తలుపు వేసిన అదురుకే కాస్త కాస్త జరిగి, ఒకనాటికి ముందు కొక్కెం దాటి పడిపోవచ్చు. అందుకే వెనక కొక్కేన్ని పిస్టల్ పిడి ఆకారపు వంపు ఎక్కడ ముగిసి బట్ మొదలవుతుందో సరిగ్గా అక్కడ పెట్టు. జారబోతే పిడి వెనక భాగం కొక్కేనికి తగిలి ఆగిపోతుంది. వంపు లేని తిన్నటి పిడి అయితే ట్రిగ్గర్ గార్డు తోక వెనకే పెట్టు, పని ఒకటే. ట్రిగ్గరుకి, గార్డు లోపలికి మాత్రం ఏదీ తగలకూడదు.

అట్టమీద ఆ రెండు చోట్లూ గుర్తుపెట్టి, గొట్టం గీత నుంచి ఒక్కోటి ఎంత కిందికుందో కొలువు. రెండూ ఒకలా ఉండవు, వెనకది సాధారణంగా కిందికి దిగుతుంది. ఈ తేడా పట్టించుకోకుండా రెండు కొక్కేలూ ఒకే ఎత్తున బిగిస్తే గొట్టం వంకరగా కనిపిస్తుంది. రసమట్టం పెట్టి, కొక్కేలు బిగించిన గోడ పలకని ఎంత సరిచేసినా ఆ వంకర పోదు. లెక్క కోసం ఒక ఉదాహరణ: తుపాకీ 4 కిలోలు, కొక్కేల మధ్య దూరం 50 సెంటీలు, తూగే చోటు వెనక కొక్కేనికి 30 సెంటీల ముందు అనుకో. ముందు కొక్కెం మీద 2.4 కిలోలు, వెనకదాని మీద 1.6 కిలోలు పడతాయి. బరువు తక్కువే. కొక్కేలు విరిగేది బరువుకి కాదు, చెక్క నార తప్పు దిక్కున పోవడం వల్ల.

ఇక్కడ నిదానించు. కొక్కేన్ని చెక్కలోంచి కోసేటప్పుడు నార గోడ నుంచి బయటికి, కొక్కెం చెయ్యి పొడవునా పోవాలి. నిలువు నార ఉంటే చెయ్యి మొదట్లోనే పుటుక్కున విరుగుతుంది. కోసిన ముక్కని వెలుతురులో పట్టుకుని గొంతు దగ్గర, అంటే చెయ్యి పైకి తిరిగే మూల దగ్గర చూడు. గీతలు ఆ మూలని అడ్డంగా దాటి అవతలి అంచుకి పోతుంటే ఆ ముక్కు, అంటే పైకి లేచిన కొస, బలహీనం. ఎలాగూ ముక్కులో నార కొంత పొట్టిగానే ఉంటుంది కాబట్టి అక్కడ కనీసం 25 మిల్లీమీటర్ల మందం వదులు, లోపలి మూలని చురుగ్గా కొయ్యక గుండ్రంగా తిప్పు. చురుకు మూలే పగులు మొదలయ్యే చోటు.

నార బయటికి పోయేలా కోస్తే ఇంకో చిక్కు వస్తుంది. కొక్కెం వెనక భాగం అడ్డకోత అవుతుంది, అంటే నార కొసలు తేలిన ముఖం, అందులో స్క్రూ అంత గట్టిగా పట్టదు. పలక వెనకనుంచి రెండు స్క్రూలు బిగించి పనైపోయిందనుకునేవాళ్ళ కొక్కేలు వదులయ్యేది ఇందుకే. కొక్కెం వెనక 20 మిల్లీమీటర్ల మందం కుసి (కన్నంలో దిగే నాలుక) చెక్కి, పలకలో ఆరపార కన్నం తొలిచి, అందులోకి దించి, వెనకనుంచి సన్నని చెక్క చీల కొట్టాలి. చీల దిగడానికి కుసి కొసన వేసే రంపపు గాటు పలక నారకి అడ్డంగా ఉండాలి. నార వెంబడి ఉంటే చీల కొట్టగానే పలక చీలుతుంది. జిగురు రాస్తే మంచిదే, కాని బలం కుసిది.

ఇంత కుసిపని చేతకాదనుకుంటే ఇంకో దారి ఉంది, నాటు అందానికి నాకదే ఇష్టం. 4, 5 సెంటీల లావున్న పంగల కొమ్మ చూసుకో. చెట్టు తనే నారని వంపు తిప్పి పెంచింది కాబట్టి ఆ పంగకి మించిన బలం మనం కోసి తేలేం. ఒక కాలుని నిలువునా చదునుగా చెక్కి పలకకి ఆనించు, రెండో కాలు చెయ్యవుతుంది. చదును చేసిన కాల్లో నార నిలువుగా ఉంటుంది గనక స్క్రూలు గట్టిగా పడతాయి. 5 మిల్లీమీటర్ల లావు స్క్రూలు రెండు, వాటికి ముందు 3 మిల్లీమీటర్ల బరమా కన్నం. పంగ మూల సన్నగా ఉంటే తుపాకీ కొయ్యని నొక్కి పట్టి గీత వేస్తుంది, ఉలితో గుండ్రంగా వెడల్పు చెయ్యి. పచ్చికొమ్మ అయితే కోసిన చివరలకి మైనం పూసి నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే నడిమి బెండు నుంచి పగుళ్ళు వస్తాయి.

ఆరిందో లేదో చెయ్యి పెట్టి చెప్పడం కష్టం. వారానికోసారి తూచు. రెండు మూడు వారాలు బరువు తగ్గకుండా నిలిస్తే ఆరినట్టు. పలకల మట్టుకు అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. బెరడు అందంగా ఉంటుంది, ఉంచేద్దామనిపిస్తుంది. ఉంచకు. దాని కిందే పుచ్చు పురుగు గుడ్లు పెడుతుంది, చెక్క కుంచించుకున్నాక బెరడూ ఊడిపోతుంది. పైన ఉండే తెల్లచెక్క కన్నా లోపలి చేవ ఎంచుకో. పాత ఇంటి దూలాలు, తలుపు చెక్కలు దొరికితే వాటిని మించినవి లేవు. ఆరి ఉంటాయి, రంగూ వచ్చి ఉంటుంది. అయస్కాంతంతో మేకులు వెతికి తీసెయ్. పాత రంగు పూత ఉంటే రుద్దకు, అందులో సీసం ఉండవచ్చు. పురుగు రాకుండా మందు పట్టించిన పచ్చటి చెక్కలు వద్దు. వాటిలోని రాగి లవణాలు తేమ తగిలితే ఇనుముని తింటాయి.

పలక కొలతలు సుమారుగా: పొడవు 70 సెంటీలు, వెడల్పు 14, మందం 2.5. కొక్కేలకి 3.5 సెంటీల మందం. గొంతు లోపలి వెడల్పు, తుపాకీ కొయ్య వెడల్పుకి రెండు పక్కల అస్తరు మందం, ఇంకో 5 మిల్లీమీటర్ల వదులు కలిపి. గొట్టం కుడికి తిరిగితే తుపాకీ కుడి పక్క నీకు కనిపిస్తుంది, మామూలు బోల్టు పిడి నీ వైపుంటుంది, ఇబ్బంది లేదు. ఎడమకి తిప్పాలనుకుంటే ఆ పిడి గోడవైపు పోతుంది. బోల్టు తియ్యని నమూనా తుపాకీ అయితే అది పలకకి తగలకుండా గొంతుని ముందుకి జరపాలి. స్కోపు మరలు కూడా ఒకసారి చూసుకో.

మోటుతనం కోసం ఉపరితలాన్ని నార వెంబడి ఇనప తీగల బ్రష్షుతో రుద్దు. మెత్తటి పొరలు పోయి గట్టి గీతలు పైకి తేలతాయి. రంపపు గాట్లు పైన ఉండనీ, కాని తుపాకీ తగిలే గొంతుని 180 నంబరు ఉప్పుకాగితంతో నున్నగా చెయ్యి. వెనిగర్‌లో ఇనప పీచు నానబెట్టి పూస్తే చెక్క వెంటనే పాతబడినట్టు నల్లబడుతుంది. చాలామంది చేస్తారు. ఇక్కడ మాత్రం వద్దు. మిగిలిన ఆమ్లం నెలల తరబడి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. ఉడికించిన అవిసె నూనె పల్చగా పూసి, పావుగంటాగి పూర్తిగా తుడిచెయ్. రోజుకొకటి చొప్పున మూడు పూతలు. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి, ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారెయ్. పూత పూశాక మూడు నాలుగు వారాలు ఆగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన రాని రోజున తుపాకీ పెట్టు.

అస్తరు విషయంలో తొందరపడకు. తోలు చూడ్డానికి బాగుంటుంది గాని పదును చేసినప్పుడు వాడిన ఆమ్లాలు, లవణాలు అందులో మిగిలి ఉంటాయి, చెమ్మ పీలుస్తుంది. కొన్ని నెలల తరవాత ఎత్తి చూస్తే తోలు ఆనిన మేర ఇనుము మీద గోధుమరంగు మచ్చ. రబ్బరు పట్టీలు వార్నిష్‌ని మెత్తబరిచి అంటుకుంటాయి. 3 మిల్లీమీటర్ల దట్టమైన ఫెల్టు గాని, పాలిథిలీన్ నురుగు షీటు గాని వాడు. ఫెల్టు అంటించడానికి మామూలు తెల్ల ఫెవికాల్ చాలు, పాలిథిలీన్‌కి మాత్రం అది పట్టదు, వెనక జిగురున్న షీటు తీసుకో. వెనిగర్ వాసనొచ్చే సిలికోన్ వద్దు, కారణం పైన చెప్పిందే. అస్తరుని గొంతులోనే ఆపకు. ముక్కు మీదుగా బయటికి ఒక సెంటీ మేర మడిచి అంటించు. తుపాకీ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు గీత పడేది అక్కడే.

గోడకొద్దాం. బయటి గోడ, స్నానాలగది పక్క గోడ, నేరుగా ఎండపడే గోడ వద్దు. మంచం మీద, తలుపు మీద కూడా వద్దు. పలక వెనక నాలుగు మూలలా 10 మిల్లీమీటర్ల చెక్క బిళ్ళలు పెడితే గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు. స్క్రూ పొడవు ఇలా లెక్కేసుకో: బిళ్ళ 10, పలక 25, గోడ పూత 15, ప్లగ్గు 40, మొత్తం 90 మిల్లీమీటర్లు. పూతకి బలం లేదు, అందుకే 8 మిల్లీమీటర్ల ప్లగ్గుని పూత దాటించి ఇటికలోకి తొయ్యాలి. పైకి సమంగా వదిలేస్తే బరువంతా పూత మీద పడి, చుట్టూ రాలి, స్క్రూ ఊగుతుంది. ఇటికల మధ్య అతుకులో కన్నం పడితే పక్కకి జరిపి మళ్ళీ వెయ్యి. జిప్సం బోర్డు గోడైతే లోపలి నిలువు చట్రానికే బిగించాలి, ఉత్త బోర్డుకి కాదు. పైన రెండు, కింద రెండు స్క్రూలు చాలు. కింది కన్నాలు నిలువుగా కాస్త కోలగా చెయ్యి. తేమ మారినప్పుడల్లా పలక వెడల్పులో ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి తరుగుతుంది, కన్నం బిగువుగా ఉంటే పలక చీలుతుంది.

తుపాకీ పెట్టేముందు ఒక్కో కొక్కేనికి 10 లీటర్ల నీళ్ళ బకెట్టు తగిలించి రాత్రంతా ఉంచు. పొద్దున కుసి దగ్గర, పలకకీ గోడకీ మధ్య సందు చూడు. కాగితం దూరేంత తెరుచుకున్నా విప్పి మళ్ళీ బిగించు.

తాళం సంగతి. బోల్టు తీసిన ఖాళీలోంచి మేగజైన్ కన్నం గుండా ఉక్కు కేబుల్ దూర్చి, గోడలో విడిగా దించిన యాంకర్ బోల్టుకి తాళం వెయ్యి. కేబుల్ తగిలేచోట ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. ఇది చేతులూరుకోని పిల్లల్ని, అతిథుల్ని ఆపుతుంది, దొంగని ఆపదు. ఎత్తున పెడితే చాలనుకోకు, పిల్లలు కుర్చీ ఈడ్చుకొచ్చి ఎక్కుతారు. బోల్టు ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండూ తాళంలో.

పెట్టాక నెలకోసారి దించు. వట్టి వేళ్ళతో ఇనుము ముట్టుకున్నచోటల్లా చెమట ఉప్పుకి తుప్పొస్తుంది, అందుకని పల్చటి నూనెగుడ్డతో తుడిచి పెట్టు. అస్తరు ఆనే రెండు చోట్లా ముందు చూడు. వానాకాలంలో పదిహేను రోజులకోసారి చూడు. ఫెల్టు నూనె పీల్చి నల్లబడితే గీకి తీసి కొత్తది అంటించు.

అట్టమీద గీసిన బొమ్మ, రెండు కొలతలు ఫోటో తీసి పంపు. కొక్కేలు కోసేముందే ఒకసారి చూస్తాను.