కంట్రోల్ వోల్టేజ్ అర్థం కావాలంటే ఎండాకాలంలో ఆసిలేటర్ వాయించి చూడండి

మిడి (వాయిద్యాల మధ్య సంకేతాలను అంకెలుగా పంపే పద్ధతి) వచ్చాక కూడా అనలాగ్ సింథ్‌లలో, అంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌లతో నేరుగా నాదం పుట్టించే వాయిద్యాల్లో, ఈ కంట్రోల్ వోల్టేజ్ ఎందుకు, అది ఎలా పనిచేస్తుంది అని కొందరు అడిగారు. వీడియోల్లో అందరూ చెప్పేది ఒకటే, వోల్టేజ్ పెరిగితే శ్రుతి పెరుగుతుందని. నిజమే, కానీ అంతటితో ఏమీ తెలియదు. అసలు కథంతా ఆ వోల్టేజ్‌ను అందుకుని స్వరం పుట్టించే సర్క్యూట్‌లో, అంటే ఆసిలేటర్‌లో ఉంది, అందులోనూ వేడి దగ్గర ఉంది. మన వరంగల్ ఎండల్లో సింథ్ పెట్టుకుని కూర్చున్నవాళ్లకు ఇది తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

లెక్క చిన్నదే. సింథ్‌లు తయారుచేసిన రాబర్ట్ మూగ్ 1960లలో ఖాయం చేసిన పద్ధతిలో ఆక్టేవ్‌కు 1 వోల్ట్. అంటే కింది సా నుంచి పై సాకు వెళ్తే ఒక వోల్ట్ పెరుగుతుంది, పక్క మీటకు జరిగితే సుమారు 83 మిల్లీవోల్ట్‌లు. వోల్టేజ్ ఒకటి చొప్పున కలుస్తుంటే ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలు) మాత్రం 220, 440, 880 హెర్ట్జ్ అని రెట్టింపవుతూ పోవాలి. కూడికను రెట్టింపుగా మార్చే పని ఒక ట్రాన్సిస్టర్ చేస్తుంది. మామూలు గది వేడిలో దాని బేస్ అనే కాలు దగ్గర 18 మిల్లీవోల్ట్‌లు పెరిగితే చాలు, కరెంట్ రెండింతలవుతుంది, అందుకే కీబోర్డ్ ఇచ్చే 1 వోల్ట్‌ను రెసిస్టర్లతో అంతకు తగ్గించి ఇస్తారు. చిక్కంతా ఇక్కడే, ఆ 18 అనేది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, డిగ్రీకి దాదాపు 0.33 శాతం.

హనుమకొండలో మా మేడ మీద రేకుల గది ఉంది. చలికాలంలో శ్రుతి చేసి పెట్టిన కిట్ ఆసిలేటర్‌ను మే నెల మధ్యాహ్నం ఆన్ చేశాను. భజనల్లో కీబోర్డ్ వాయించే పక్కింటి అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. కాసేపు విని, "అన్నా, నీ కీబోర్డే తప్పు వోల్టేజ్ ఇస్తుంది" అన్నాడు. మల్టీమీటర్ తీసి జాక్ దగ్గర పెట్టాం. కింది సాకు 1.000, పై సాకు 2.000, ఎక్కడా తేడా లేదు. కింది స్వరాన్ని నాబ్‌తో సరిగ్గా 440కి తెచ్చి పై మీట నొక్కితే ట్యూనర్ యాప్‌లో 880 రావాల్సింది 850 దగ్గర ఆగింది, అంటే పక్క మీటకు ఉండే దూరంలో సగం కంటే ఎక్కువే దిగింది. కూలర్‌ను బోర్డు వైపు తిప్పాం. చూస్తుండగానే అంకె పైకి పాకింది, 854, 858 అంటూ, మీట మీద వేలు అలాగే ఉంది. ఆ అబ్బాయి ఇక కీబోర్డ్‌ను ఏమీ అనలేదు.

బోర్డు విప్పి చూస్తే, వేడికి తగ్గట్టు తన విలువ మార్చుకునే టెంప్కో రెసిస్టర్ ఉండాల్సిన చోట మామూలు రెసిస్టర్ ఉంది. కిట్ పంపినవాళ్లు రూపాయి ఆదా చేసుకున్నారు. ఆన్‌లైన్‌లో పార్ట్‌లు అమ్మేవాళ్లతో ఇదే గోల, పేరు ఒకటి రాసి ఇంకొకటి పంపుతారు.

మిడి సంగతికొస్తే, అది 1983లో వచ్చింది. అది పంపేది అంకెలు, మామూలు నాబ్‌కు 0 నుంచి 127 వరకు. వోల్టేజ్‌లో మెట్లు లేవు, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారేటప్పుడు మధ్యలో ఏదీ ఎగరదు, గమకం కావాలనుకునే మన చెవికి అది పెద్ద తేడా. పైగా వోల్టేజ్‌లు ఒకదానితో ఒకటి కలుస్తాయి. కీబోర్డ్ వోల్టేజ్‌కు ఎల్ఎఫ్ఓను, అంటే నెమ్మదిగా ఊగే ఆసిలేటర్‌ను కలిపితే స్వరం వణుకుతుంది, అదే ఎల్ఎఫ్ఓ వైరు తీసి నాదంలో కొంత భాగాన్ని కోసే ఫిల్టర్‌లో పెడితే నాదం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. గేట్ వేరే వైరు, అది మీట నొక్కారా వదిలారా అన్నదే చెప్తుంది.

పాత సింథ్ దొరికితే కొనేముందు దాని వోల్టేజ్ ఏ పద్ధతిదో అడగండి, కోర్గ్ ఎంఎస్-20 లాంటివి ఆక్టేవ్‌కు వోల్ట్ పద్ధతి కాదు, వోల్టేజ్‌కు ఫ్రీక్వెన్సీని నేరుగా ముడిపెట్టే హెర్ట్జ్ పర్ వోల్ట్ పద్ధతి. రెండింటినీ వైరుతో కలిపితే స్వరాలు కుదరవు. కొత్త కిట్ అయితే సోల్డరింగ్ మొదలుపెట్టకముందే టెంప్కో మీద 3300 పీపీఎం (అంటే డిగ్రీకి 0.33 శాతం) లేదా దానికి దగ్గరి విలువ ఉందో లేదో చూడండి, దాన్ని పైన చెప్పిన ట్రాన్సిస్టర్‌కు ఆనించి పెట్టండి.