అడగండి, చెబుతాం: యాసిడ్ మంచిదే, అడ్డుపడింది వెండి

ప్రశ్న: రజను (పనిలో రాలిన బంగారు పొడి), పాత నగల ముక్కలు కలిపి ద్రవరాజంలో (హైడ్రోక్లోరిక్, నైట్రిక్ యాసిడ్‌ల మిశ్రమంలో) వేశాను. కాసేపు బాగా పొంగి ఆగిపోయింది. ముక్కల మీద తెల్లటి పొర కట్టింది. కొత్త యాసిడ్ పోసినా అంతే. యాసిడ్ నకిలీదంటారా?
– ఒక స్వర్ణకారుడు, నరసన్నపేట

జవాబు: యాసిడ్‌ను అనుమానించనక్కర్లేదు. ఆ తెల్లటి పొర సిల్వర్ క్లోరైడ్. సరుకులో వెండి సుమారు 10 శాతం దాటితే ఈ పొర బంగారాన్ని కప్పేస్తుంది, దాంతో యాసిడ్ లోపలికి పోదు. ఎంత పోసినా వృథాయే.

అసలు ద్రవరాజం పని చేసే తీరు తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బంగారం నుంచి మూడు ఎలక్ట్రాన్లు లాగాలంటే 1.50 వోల్టుల బలం కావాలి. నైట్రిక్ యాసిడ్ బలం 0.96 మాత్రమే, అందుకే అది ఒక్కటే బంగారాన్ని ఏమీ చేయలేదు. హైడ్రోక్లోరిక్ కలిసిందంటే, బయటికొచ్చిన ప్రతి బంగారు అయాన్‌నూ నాలుగు క్లోరైడ్‌లు చతురస్రం మూలల్లో నిలబడినట్టు పట్టేసుకుంటాయి. అలా పట్టుకునే వాటినే లైగాండ్‌లంటారు. ఆ పట్టు వల్ల కావలసిన బలం 1.00 వోల్టుకు దిగుతుంది, గాఢత పెరిగితే నైట్రిక్ బలమూ కాస్త పెరుగుతుంది కాబట్టి గాఢ నైట్రిక్‌కు అది అందుతుంది. వెండికి అదే క్లోరైడ్ తగిలితే కరగని ముద్దవుతుంది. బంగారాన్ని కరిగించేదే వెండిని గడ్డ కట్టిస్తోందన్నమాట.

ఇప్పుడు చేతిలో ఉన్న ముక్కల సంగతి. యాసిడ్ వంపి పక్కన దాచండి, అందులో బంగారం ఉంది. ముక్కల్ని నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో విరివిగా వాడిన హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంలో నానబెడితే పొర కరిగిపోతుంది. సరిగ్గా కడగకపోతే మిగిలిన యాసిడ్‌కు హైపో విరిగి, గంధకంతో పాలలా తెల్లబడుతుంది. పొర కరగడానికి అమ్మోనియా పోయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. బంగారు క్లోరైడ్ తడి కొంచెం మిగిలినా అమ్మోనియాతో కలిసి, ఆరాక గీసుకుంటేనే పేలే పదార్థం తయారవుతుంది.

ఇకమీదట వెండి ఎక్కువున్న సరుకును నేరుగా ద్రవరాజంలో వేయకండి. ముందు ఇంకా వెండి కలిపి కరగబెట్టండి! వినడానికి వింతగా ఉన్నా పాత పద్ధతి ఇదే: ఒక వంతు బంగారానికి మూడు వంతుల ఇతర లోహం. ఉదాహరణకు 10 గ్రాముల 916 సరుకులో 9.16 గ్రాముల బంగారం ఉంటుంది. మొత్తం 36.6 గ్రాములు కావాలి, అంటే 26.6 గ్రాముల వెండి చేర్చాలి. మూసలో బాగా కలియబెట్టి, సన్న ధారగా నీళ్లలో పోస్తే గుళికలవుతాయి. వాటికి 45 మి.లీ. నైట్రిక్, అంతే డిస్టిల్డ్ వాటర్ చాలు. వెండి కరిగిపోయి గోధుమరంగు స్పాంజిలాగా బంగారం మిగులుతుంది. వెండి తక్కువైతే కొంత లోపలే ఇరుక్కుంటుంది, మరీ ఎక్కువైతే బంగారం పొడైపోయి వంపేటప్పుడు జారిపోతుంది. బోరు నీళ్లు మాత్రం వద్దు. సముద్రం వైపు ఊళ్ల బోర్లలో ఉప్పుంటుంది, ద్రావణం వెంటనే తెల్లబడుతుంది.

నైట్రిక్‌లో కరిగిన వెండిని దించడానికి నౌపడ ఉప్పే (మామూలు ఉప్పే) చాలు. 27 గ్రాముల వెండికి లెక్క ప్రకారం 15 గ్రాములు, కాస్త ఎక్కువగా 20 వేయండి. గుప్పిళ్లతో కుమ్మరిస్తే లాభం లేదు. క్లోరైడ్ మితిమీరితే ఒక్కో వెండి అయాన్‌ను రెండేసి పట్టుకొని కొంత మళ్లీ నీళ్లలోకి లాక్కుపోతాయి.

కడిగిన స్పాంజిని ఇప్పుడు ద్రవరాజంలో వేయవచ్చు: మూడు వంతులు హైడ్రోక్లోరిక్, ఒక వంతు నైట్రిక్, అప్పటికప్పుడు కలిపింది. గ్రాము బంగారానికి లెక్క ప్రకారం 2 మి.లీ. సరిపోవాలి, ఆవిరయ్యేది కలుపుకొని 5 మి.లీ. పెట్టుకోండి. సీసాలో మూత బిగించి దాస్తే వాయువులకు సీసా పగులుతుంది. కరిగాక మిగిలిన నైట్రిక్‌ను సన్నసెగ మీద హైడ్రోక్లోరిక్ చుక్కలు వేస్తూ పోగొట్టాలి. ఈ మెట్టు చేయకుండా వదిలేసినవాళ్లకే బంగారం దిగినట్టే దిగి మళ్లీ కరుగుతుంది. తర్వాత గ్రాము బంగారానికి గ్రాము చొప్పున సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే బంగారం అడుక్కి దిగుతుంది. పైనీటి చుక్కకు స్టానస్ క్లోరైడ్ తగిలిస్తే ఊదారంగు వచ్చిందా, బంగారం ఇంకా అందులోనే ఉంది.

పని అంతా ఆరుబయట, గాలివాటం చూసుకొని చేయాలి. నైట్రిక్ నుంచి లేచే ఎర్రటి పొగ పీల్చినప్పుడు పెద్దగా తెలియకపోయినా, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు.

ప్రశ్న: సిల్వర్ క్లోరైడ్ అమ్మోనియాలో కరుగుతుంది, అయొడైడ్ కరగదు. రెండూ వెండి లవణాలే కదా? ఇంకోటి, ల్యాబ్‌లో మిగిలిన టాలెన్స్ కారకాన్ని (సిల్వర్ నైట్రేట్‌కు అమ్మోనియా కలిపిన ద్రావణాన్ని) రేపటికి ఉంచవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఇది ఇద్దరి లాగులాట. వెండిని అయొడైడ్ చాలా గట్టిగా పట్టుకుంటుంది. ద్రావణీయతా లబ్ధం (ఇది ఎంత చిన్నదైతే లవణం అంత తక్కువ కరుగుతుంది) క్లోరైడ్‌కు 1.8×10⁻¹⁰, అయొడైడ్‌కు 8.5×10⁻¹⁷. వెండిని అమ్మోనియా ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే సంక్లిష్టం స్థిరాంకం 1.7×10⁷. గుణించి చూడండి: ఒక మోలార్ అమ్మోనియా లీటరుకు క్లోరైడ్ సుమారు 7 గ్రాములు కరుగుతుంది, అయొడైడ్ 9 మిల్లీగ్రాములే. హైపో స్థిరాంకం 10¹³ స్థాయిది కాబట్టి అయొడైడ్‌ను కూడా లాగేస్తుంది. పరీక్షలో ఈ గుణకారం చూపిస్తే మార్కులు ఎక్కడికీ పోవు.

రెండో దానికి జవాబు: వద్దు. ఒక్క రాత్రి కూడా వద్దు. నిల్వ ఉంటే అడుగున నల్లటి సిల్వర్ నైట్రైడ్ చేరుతుంది, సీసా కదిపినా పేలవచ్చు. పని అయిన వెంటనే సజల నైట్రిక్ పోసి ఆమ్లం చేసి పారబోయించండి.

ప్రశ్న: క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌ను సెలైన్‌లో కలపమంటారు, ఫ్రిజ్‌లో పెట్టొద్దంటారు. కారణం?
– స్టాఫ్ నర్స్, శ్రీకాకుళం

జవాబు: మధ్యలో ప్లాటినం, పక్కపక్కన రెండు అమ్మోనియాలు, ఇంకో పక్క రెండు క్లోరైడ్‌లు. మామూలు నీళ్లలో ఆ క్లోరైడ్‌లు ఊడి నీటి అణువులు వచ్చి కూర్చుంటాయి. కణం లోపల క్లోరైడ్ తక్కువ కాబట్టి అక్కడ ఊడటమే మనకు కావలసింది, అప్పుడే ప్లాటినం డీఎన్‌ఏను పట్టుకుంటుంది. సీసాలోనే ఊడితే మందు చెడినట్టే. సెలైన్‌లోని క్లోరైడ్ దాన్ని ఆపుతుంది. ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు దిగుతాయి. అల్యూమినియం భాగాలున్న సూదులు తగలనివ్వకండి, ప్లాటినం నల్లగా బయటపడుతుంది. ఇంకో ప్లాటినం క్యాన్సర్ మందు ఆక్సాలిప్లాటిన్‌కు మాత్రం ఇదే సూత్రం పట్టుకోకండి. అందులో ప్లాటినాన్ని పట్టుకున్నది ఆక్సలేట్, సెలైన్‌లోని క్లోరైడ్ దాన్ని తోసేస్తుంది. దానికి 5 శాతం డెక్స్‌ట్రోజే, సెలైన్ లైన్‌లోంచి కూడా ఎక్కించకూడదు.