ఆన్‌లైన్ రోల్‌ప్లేలో మాంత్రికుల గిల్డ్ నడపడం ఎలా?

"ఆన్‌లైన్ రోల్‌ప్లేలో, అంటే తలా ఒక పాత్ర తీసుకుని కలిసి కథ రాసే ఆటలో, మేం పది మందిమి. అందరూ మాంత్రికులే. వారం తిరక్కుండానే గొడవలు. గిల్డ్ (సంఘం) ఎలా నడపాలి?" అని అడిగారు.

ముందు మంత్రానికి ఖరీదు పెట్టండి. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే ఆటలో మొదటి స్థాయి మాంత్రికుడికి రోజుకు ఒకే ఒక్క మంత్రం. అది వాడేశాక మామూలు మనిషే. అప్పుడే మిగతావాళ్లతో అవసరం పడుతుంది, కథ పుడుతుంది.

అసలు తగాదా గాడ్‌మోడింగ్ దగ్గర, అంటే ఎదుటివాళ్ల పాత్రకు ఏమైందో కూడా మనమే రాసేయడం దగ్గర. కడపలో మా గ్రూపు గిల్డ్‌కు గండికోటను స్థావరంగా పెట్టుకున్నాం. కింద పెన్నా లోయ, పైన ఎర్రరాతి కోట, ఇంకేం కావాలి? ఒకరాత్రి ఒకాయన "నా మెరుపు తగిలి నీ గురువు బూడిదయ్యాడు" అని రాసేశాడు. అవతలాయన నెల రోజులుగా పెంచుకున్న పాత్ర అది! తెల్లారేదాకా తిట్లే. అప్పటినుంచి ఒకటే రూలు: "గురువు మీదికి మెరుపు విసిరాను" వరకే నువ్వు రాయాలి, తగిలిందా లేదా అనేది ఆ పాత్ర సొంతదారు రాస్తాడు.

పదవులంటారా, గురువు, ఉపగురువు, శిష్యులు చాలు. పది మందికి పన్నెండు బిరుదులు పెట్టే గిల్డులూ చూశాను.

అడ్మిన్ పాత్రే గిల్డ్ పెద్ద కాకుండా చూసుకోండి. మేం గురువు పదవి నెలకొకరికి ఇస్తాం. ఇప్పుడు వంతు ఆ మెరుపు ఆయనదే.