సిరీస్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగిన బిడ్డకు

బిడ్డా,

నీ మెసేజ్ రాత్రి పడుకునే ముందు చూశాను. రెండు మాటల్లో తేలేది కాదని పొద్దున కూర్చుని ఇట్లా ఉత్తరంలా రాస్తున్నా. విచర్ మొదటి గేమ్ నాలుగు గంటలు ఆడి ఆపేశానని, "మొదటి నుంచి ఆడకపోతే ఆడినట్టే కాదు" అని హాస్టల్‌లో నీ ఫ్రెండ్స్ అంటున్నారని, ఏదో తప్పు చేసినట్టుందని రాశావు. ముందు ఆ బాధ పక్కన పెట్టు. నచ్చని ఆటను హోంవర్కులా ముగించాల్సిన అవసరం ఎవరికీ లేదు.

నువ్వు కొన్న మాస్ ఎఫెక్ట్, విచర్ గేమ్ సిరీస్‌లు రెండూ ఎక్కడ మొదలుపెట్టాలన్న దానికి నా జవాబు ఒకటి కాదు. మాస్ ఎఫెక్ట్ మొదటి భాగం నుంచే ఆడు. విచర్ మాత్రం మూడో భాగంతో మొదలుపెట్టు.

మాస్ ఎఫెక్ట్ గురించి ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను తప్పుగా మొదలుపెట్టాను కాబట్టి. 2010లో దేవరకొండ రోడ్డులో మన నెట్ సెంటర్ నడుస్తున్న రోజులు. నువ్వు చాలా చిన్నదానివి. రోజూ వచ్చే ఒక పిల్లగాడు రెండో భాగం తెచ్చి "ఆంటీ, ఇది చూడండి" అన్నాడు. మొదటిది 2007లో వచ్చిందని తెలుసు, కానీ ఎవరి దగ్గరా దొరకలేదు. సరేనని మొదలుపెట్టా. ఆట బ్రహ్మాండంగా ఉంది. మధ్యలో టుచాంకా అనే గ్రహానికి వెళ్లాను. అక్కడ ఉండే క్రోగన్లనే జాతి నాయకుడు నన్ను పూచికపుల్లలా చూశాడు. పని చూసుకుని వచ్చేశా, అంతకు మించి ఏమీ అనిపించలేదు.

ఏడాది తర్వాత మొదటి భాగం దొరికింది. అందులో రెక్స్ అని ఒక క్రోగన్ మన అంతరిక్ష ఓడలోనే ఉంటాడు. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ గమనిస్తాడు. ప్రతి పని తర్వాత వెళ్లి పలకరిస్తే తన జాతికి ఏం జరిగిందో కొంచెం కొంచెంగా చెబుతాడు. ఒకచోట అతను బతుకుతాడా లేదా అన్నది మనం ఏం మాట్లాడామన్న దాని మీద ఉంటుంది. నేను అతన్ని కాపాడుకున్నాను. ఆడినదంతా దాచి ఉంచే ఆ సేవ్ ఫైల్‌తో రెండో భాగం మళ్లీ ఆడితే, టుచాంకాలో ఆ నాయకుడి పీఠం మీద రెక్స్ కూర్చుని ఉన్నాడు! నన్ను చూడగానే మిత్రమా అంటూ లేచి వచ్చాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాత సేవ్ లేకపోతే అతను చనిపోయాడనే లెక్క వేసుకుని ఆట నడుస్తుందట. మొదటిసారి నేను ఏం పోగొట్టుకున్నానో అప్పుడు అర్థమైంది.

2021లో వచ్చిన లెజెండరీ ఎడిషన్ నీ దగ్గరుంది కాబట్టి మూడు భాగాలూ ఒక్కచోటే ఉన్నాయి. రెండోదానితో మొదలుపెట్టేవాళ్ల కోసం అందులో బొమ్మల కథలా నడిపించి, అప్పటి నిర్ణయాలు అడిగే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని వాడకు. అక్కడ రెక్స్ బతకాలని ఒక బటన్ నొక్కొచ్చు గానీ, అతని పక్కన అన్ని గంటలు నడిచిన జ్ఞాపకం బటన్ ఇవ్వలేదు. మొదటి భాగంలో 'మాకో' అనే బండి వేసుకుని తిరిగే చిన్న గ్రహాలున్నాయి, విసుగొస్తే వాటిని వదిలెయ్. మనుషులతో మాట్లాడటం మాత్రం వదలకు. ఇన్‌స్టాల్ చేసే ముందు 120 జీబీ ఖాళీ ఉందో లేదో చూసుకో. సేవ్ ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి పెట్టుకో. నా సిస్టం రిపేరుకు ఇస్తే అడగకుండా ఫార్మాట్ చేసి ఇచ్చారు. నా మొదటి షెపర్డ్, అంటే ఆటలో నేను నడిపిన పాత్ర, అట్లనే పోయింది.

ఇక విచర్. నీకు మునుగోడు దగ్గర మా అమ్మమ్మ ఊరు గుర్తుందో లేదో. వానలు లేటైతే అక్కడ గుడిలో విరాటపర్వం చదివించేవాళ్లు. భారతంలో అది నాలుగో పర్వం. అయినా ఆదిపర్వం నుంచి చదవమని ఎవరూ అడిగేవాళ్లు కాదు. తిక్కన గారు కూడా నన్నయ గారు ఆపిన అరణ్యపర్వం మిగతా భాగాన్ని అట్లనే ఉంచి విరాటపర్వంతోనే మొదలుపెట్టారు. ఆ మిగిలింది తర్వాత ఎర్రన పూర్తి చేశారు. అయితే అక్కడ కూర్చున్న పెద్దవాళ్లందరికీ జూదం సంగతి, అడవి సంగతి ముందే తెలుసు. బృహన్నల ఎవరో తెలిసి వింటున్నారు కాబట్టే ఉత్తరుడి మాటలకు నవ్వేవాళ్లు. నాకు తెలియని చోట అమ్మమ్మ చెవిలో చెప్పేది. ఆ అమ్మమ్మ పని ఇప్పుడు నేను చేస్తా.

విచర్ మొదటి రెండు భాగాల్లో హీరో గెరాల్ట్‌కు గతం గుర్తుండదు. రెండోదాని చివరికి వచ్చేసరికి జ్ఞాపకాలు తిరిగొస్తాయి. మర్చిపోయిన కాలంలో ట్రిస్ అనే ఆమెకు దగ్గరవుతాడు. గుర్తొచ్చాక తను ప్రేమించిన యెన్నెఫర్‌ను వెతుక్కుంటూ బయలుదేరతాడు. మూడో భాగం మొదలయ్యేది అక్కడే. అతను బిడ్డలా పెంచిన సిరి మొదటి రెండు గేమ్‌లలో కనిపించదు, మూడోదాంట్లో మాత్రం కథంతా ఆమె చుట్టూనే. ఇంత తెలిస్తే ట్రిస్ ఎందుకు అట్లా మాట్లాడుతుందో నీకు అర్థమవుతుంది, కథ ఎక్కడా తెగదు. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు రెండో భాగం సేవ్ ఉన్నట్టు ఊహించుకోమనే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చెయ్. తర్వాత ఒకచోట గెరాల్ట్‌కు గడ్డం గీస్తుంటే ఒక అధికారి వచ్చి పాత సంగతులు అడుగుతాడు. నీ జవాబులను బట్టి కొందరు మనుషులు కథలో ఉండటమా లేకపోవటమా తేలుతుంది. ఎంత చక్కగా అల్లారో చూడు.

మొదటి విచర్ 2007 నాటిది. కథ మంచిదే, కత్తి తిప్పడం మాత్రం సరైన క్షణంలో మౌస్ నొక్కే పద్ధతి. ఈ కాలం పిల్లల చేతికి అది అలవాటు కావడం కష్టం. దాన్ని కొత్తగా మళ్లీ తయారు చేస్తున్నామని ఆ గేమ్ చేసిన కంపెనీ 2022లో ప్రకటించింది కూడా, కాబట్టి ఆగినా నష్టం లేదు. మూడోది అయ్యాక ఇంకా ఆకలి ఉంటే 2011లో వచ్చిన రెండోదానికి వెళ్లు. అందులో ఒక్క నిర్ణయంతో మధ్య భాగం మొత్తం మారిపోతుంది. నాకు అదంటే చాలా ఇష్టం.

మిగతావి అడిగావు కాబట్టి క్లుప్తంగా చెప్తా. రెడ్ డెడ్ రిడెంప్షన్‌లో 2018లో వచ్చిన రెండోది 1899 నాటి కథ, 2010లో వచ్చిన మొదటిది 1911 నాటిది. రెండోదాంతో మొదలుపెట్టినా కథ వరసలోనే ఉంటుంది, కాకపోతే దానికి 150 జీబీ కావాలి. గాడ్ ఆఫ్ వార్ 2018 గేమ్‌తో నిశ్చింతగా మొదలుపెట్టొచ్చు. అందులో హీరో క్రేటోస్ గతం అతని కొడుక్కే తెలియదు, ఆ పిల్లాడితో పాటే నువ్వూ తెలుసుకుంటావు. అన్‌చార్టెడ్ మొదటి మూడూ కంప్యూటర్‌కు రాలేదు, వాటి కథ వీడియోలో చూసి నాలుగోది ఆడు. ఫైనల్ ఫాంటసీలో నంబరు చూసి భయపడకు. చాలావరకు ఏ నంబరుకు ఆ కథే.

ఏ సిరీస్ అయినా ఫ్రెండ్స్‌ను ఒక్కటే అడుగు: నా నిర్ణయాలు తర్వాతి భాగానికి వస్తాయా అని. మాస్ ఎఫెక్ట్‌లో లాగా మనుషుల బతుకులే మారేంతగా వస్తాయంటే మొదటి నుంచి ఆడు. లేదంటే నీ చేతులకు హాయిగా ఉన్న భాగంతో మొదలుపెట్టు.

ముందు సెమిస్టర్ పరీక్షలు కానియ్యి. ఆ తర్వాత మాస్ ఎఫెక్ట్ తెరువు. సబ్‌టైటిల్స్ పెట్టుకో, ఎండింగ్ వీడియోల జోలికి పోకు. బతుకమ్మకు నల్లగొండ వచ్చేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ తెచ్చుకో. నా కంప్యూటర్‌లో పెట్టి నీ రెక్స్ ఎట్లున్నాడో చూద్దాం.

మీ పెద్దమ్మ