తుంగభద్ర డ్యామ్ తెగుతుందా అని అడిగేవాళ్లకు ఎడమ కాలువ రైతు జవాబు

ప్రశ్న ఇది: "తుంగభద్ర డ్యామ్ 70 ఏళ్ల పాతది, ఆమధ్య గేటు కూడా కొట్టుకుపోయింది కదా, తెగే ప్రమాదం ఉందా? పిల్లలతో హంపి వెళ్తున్నాం, డ్యామ్ చూడ్డానికి వెళ్లొచ్చా?"

వెళ్లొచ్చండి. తెగదు. ఇక్కడితో ఆపేయొచ్చు కానీ ఈ ప్రశ్న ఎక్కడ కనబడ్డా నాకు ఒళ్లు మండుతుంది, మీ మీద కాదు లెండి, అందరూ గోడ గురించి అడుగుతారు, గేటు గొలుసు గురించి ఒక్కడూ అడగడు, అందుకు.

మాది కర్ణాటకలో గంగావతి దగ్గర క్యాంపు. తెలియనివాళ్లకి చెప్తున్నా, డ్యామ్ వచ్చాక గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా నుంచి భూములమ్ముకుని ఇటొచ్చి, ముళ్లపొదలు కొట్టి వరి వేసినవాళ్ల ఊళ్లనే ఇక్కడ క్యాంపులంటారు. గంగావతి, కారటగి, సింధనూరు చుట్టూ బోలెడన్ని ఉన్నాయి. ఇంట్లో తెలుగు, మిల్లు దగ్గర కన్నడ. మీరు తినే సోనా మసూరిలో కొంత మా మడిలోదే అయ్యుంటుంది. ఎడమ కాలువలో నీళ్లుంటే మేమున్నట్టు, లేకపోతే లేనట్టు, కాబట్టి ఈ డ్యామ్ గురించి మాట్లాడే హక్కు నాకు కొంచెం ఎక్కువే ఉందనుకుంటా.

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి. డ్యామ్ నిండుగా ఉంది, సముద్రమట్టం నుంచి లెక్కేస్తే 1633 అడుగులు, 105 టీఎంసీలు. అంతకుముందు ఏడాది కరువు, రెండో పంట లేదు, అప్పులు మాత్రం ఉన్నాయి. ఈసారి నిండింది కదా అని అందరం నాట్లలో పడ్డాం. అర్ధరాత్రి దాటాక ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఒకడు "గేటు పోయింది" అన్నాడు, అరగంటకి "గేట్లు పోయాయి", ఇంకాసేపటికి "డ్యామ్ తెగింది, కంప్లి మునిగిపోయింది". వాట్సాప్‌లో ఎక్కడిదో కట్ట తెగుతున్న వీడియో కూడా వచ్చేసింది, అందులో జనం మాట్లాడేది హిందీ. మా బాబాయి మాత్రం మంచం మీంచి లేవలేదు. "ఒరేయ్, రాతి కట్టడం అది, తెగితే నీకు ఫోన్ చేసేవాడు కూడా ఉండడు, పడుకో" అన్నాడు. ఆయన కూడా పడుకోలేదు, అది వేరే విషయం.

తెల్లారి బండేసుకుని డ్యామ్ ఎడమ ఒడ్డునున్న మునీరాబాద్ వైపు వెళ్లాం. పోలీసులు దూరంగానే ఆపేశారు, రోడ్డంతా మాలాంటివాళ్లే. జరిగిందేంటంటే 19వ గేటును పట్టి ఉంచే గొలుసు తెగి, గేటు మొత్తం ఊడి నదిలో పడిపోయింది. అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు ఉన్న ఉక్కు పలక అది. ఒక్క కంతలోంచే నీళ్లు పోతుంటే ఒత్తిడి ఒక చోటే పడుతుందని మిగతా గేట్లు కూడా ఎత్తేశారు. అన్ని గేట్ల నుంచీ నీళ్లు దూకుతుంటే, పోయిన గేటేదో, ఎత్తిన గేటేదో ఎవరికీ తెలియట్లేదు. జనం వేళ్లతో లెక్కపెట్టుకుంటున్నారు, ఒకడు ఎడమ నుంచి, ఒకడు కుడి నుంచి, ఇద్దరికీ గొడవ. అందరికీ డ్యామ్ ఉంటుందా పోతుందా అని టెన్షన్, మా బాబాయికి మాత్రం నారు టెన్షన్.

ఎందుకంటే లెక్క ఇదీ. గేటు అడుగు అంచు 1613 అడుగుల దగ్గరుంటుంది. నీళ్లు ఆ మట్టానికి దిగితే తప్ప కొత్త గేటు పెట్టలేం అన్నారు మొదట. అంటే పైనున్న ఇరవై అడుగుల నీరు, సుమారు 60 టీఎంసీలు, మా కళ్లముందే శ్రీశైలం దారి పట్టాలి. మిగిలినదాంట్లో మాకెంత, రాయచూరుకెంత, ఎగువ కాలువ కింద అనంతపురానికెంత, దిగువ కాలువ కింద కర్నూలుకెంత, ఆర్డీఎస్ (రాజోలిబండ కాలువ) కింద పాలమూరుకెంత? ఎవరి పంట వాళ్లకి ప్రాణం కదండీ.

కొత్త డ్యాములకైతే గేటు చెడితే దాని ముందు అడ్డంగా దింపడానికి స్టాప్‌లాగ్‌లని ఉక్కు దిమ్మెలుంటాయి. ఇది పాతకాలం డిజైన్, ఆ ఏర్పాటే లేదు. అప్పుడు గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడుగారు వచ్చి, పారే నీళ్లలోనే దింపుదాం అన్నారు. ఒకే గేటుగా కాకుండా ఐదు ముక్కలుగా చేయించి, ఒకదాని మీద ఒకటి. పదహారో తారీఖు సాయంత్రం మొదటి ముక్క కూర్చుంది. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. క్యాంపులో ఆడవాళ్లు పేరంటానికి వెళ్లినచోట కూడా టీవీ పెట్టుకునే ఉన్నారు. టీ కొట్టు దగ్గర మేమంతా నిలబడి చూస్తుంటే, క్రేన్‌కి వేలాడుతున్న ఆ పలక నీళ్లకి తగలగానే ఊగింది చూడండి, అక్కడ ఒక్కడు కూడా గ్లాసు కింద పెట్టలేదు, తాగనూ లేదు. అది కూర్చున్నాక ఈలలు. మర్నాటికల్లా మిగతావి కూడా అయిపోయాయి. 70 టీఎంసీలకి అటూఇటుగా మిగిలాయి, తర్వాత వానలు పడి మళ్లీ నిండింది, పంట చేతికొచ్చింది. ఆ పెద్దాయన మనోడని తెలుగువాళ్లు, మా డ్యామ్ కాపాడాడు కాబట్టి మావాడేనని కన్నడంవాళ్లు, టీ కొట్టులో ఆ వాదన చాన్నాళ్లు నడిచింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. తెగింది గొలుసు. గోడకి ఏమీ కాలేదు. 1945లో పునాది వేస్తే ఒక ఒడ్డు నుంచి మద్రాసు ప్రభుత్వం, ఇంకో ఒడ్డు నుంచి హైదరాబాద్ ప్రభుత్వం కట్టుకుంటూ వచ్చాయి, 1953 నుంచి కాలువల్లోకి నీళ్లొచ్చాయి. రాయి, సుర్కీ కలిపిన గార. ఎన్ని వరదలు తట్టుకుందో! కానీ గేటు, గొలుసు, తాడు, మోటారు ఇవి ఇనుము సామాను, వీటికి ఆయుష్షుంటుంది, గ్రీజు కావాలి, టైముకి మార్చాలి. పులిచింతల ఎంత పాతదనీ? 2021 ఆగస్టులో దాని గేటు కూడా కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టే తెగి చెయ్యేరు ఊళ్లమీద పడింది. నా లెక్కలో డ్యాములు ముసలితనంతో పోవు, పట్టించుకోకపోవడంతో పోతాయి. ఎవరేమన్నా నేనిది మార్చుకోను.

ఇంకో ఏడుపు కూడా ఉంది. ఇక్కడే హోస్పేటలో తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ అని ప్రభుత్వ కంపెనీ ఉండేది, 1960లో పెట్టారు, దాని పనే డ్యాములకి గేట్లు చేయడం. నష్టాలని చెప్పి 2015లో మూసేయాలని కేంద్రం తేల్చేసింది. సరిగ్గా పక్క డ్యామ్‌కి గేటు అవసరమయ్యేసరికి ఆ కంపెనీ లేదు. నష్టం ఎవరికో మీరే చెప్పండి.

పూడిక సంగతి ఎవరూ ఎత్తరు. కట్టినప్పుడు 132 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 105. అంటే మేం గొడవపడే నీళ్లలో పాతిక టీఎంసీలకి పైగా మట్టి ఉంది. నవలి దగ్గర ఇంకో రిజర్వాయరు కడతాం అని ఎన్నికలప్పుడల్లా వింటాం. సండూరు ఇనుప గనుల మట్టంతా ఇటే వచ్చిందని మా బాబాయి నమ్మకం, నేనూ కాదనను. కొన్నేళ్లు ఎండాకాలం ముందు నీళ్లు ఆకుపచ్చగా తిరిగిపోతాయి, నాచు. ఎగువన ఊళ్ల మురుగు, మా ఎరువులు, ఫ్యాక్టరీలు అన్నీ కలిసి. మా ఎరువులు కూడా అని రాస్తున్నానని క్యాంపులో తిట్టేవాళ్లుంటారు, తిట్టనివ్వండి.

గేటు పోయిన పుణ్యాన కమిటీ వచ్చి మొత్తం 33 గేట్లూ మార్చమంది. 2025లో డ్యామ్‌ని 80 టీఎంసీలకి మించి నింపలేదు, గేట్ల పని కోసం రెండో పంటకి నీళ్లు లేవన్నారు. ఇది సరైన పనే. కాకపోతే ఇరవయ్యేళ్ల కిందటే విడతలవారీగా చేసుంటే ఒక్కసారిగా మా పంట మీద పడేది కాదు. చివరి భూముల వాళ్లకి మామూలు ఏడాదే నీళ్లు సరిగ్గా అందవు, పైనున్నవాళ్లు మోటార్లు పెట్టి లాగేస్తారు, ఇలాంటి ఏడాది వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీ ప్రశ్న మర్చిపోలేదు. హోస్పేట వైపు నుంచి వెళ్లండి, వైకుంఠం గెస్ట్‌హౌస్ ఉన్న గుట్ట ఎక్కితే జలాశయమంతా కనబడుతుంది, కింద పార్కు ఉంది, పిల్లలకి బాగుంటుంది. ఆదివారం వద్దు, జనం. డ్యామ్ కింద నుంచి కంప్లి దాకా నీటికుక్కల కోసం కాపాడుతున్న ప్రాంతం, పొద్దున్నే ఓపికగా చూస్తే కనబడొచ్చు. ఇక భయపడాల్సిన చోటు హంపిలో ఉంది, డ్యామ్ దగ్గర కాదు. పైన గేట్లెత్తితే నది ఒడ్డునున్న పురందర మండపం మునిగేంత నీరొస్తుంది, అంతకు ముందు రోజు అదే చోట జనం రాళ్లమీద కూర్చుని ఫొటోలు దిగుతుంటారు. నీళ్లు వదిలారా లేదా కనుక్కోకుండా పిల్లల్ని నదిలో దింపకండి, లైఫ్ జాకెట్ ఇవ్వనివాడి పుట్టి ఎక్కకండి, ఎంత తక్కువకి తిప్పుతానన్నా సరే.