కెమెరా వెనక ఉన్నవాణ్ణి రాయి

తమ్ముడూ,

ఆత్మాహుతి దాడికి వెళ్లే కుర్రవాడి మీద నువ్వు రాసిన కథ అందింది. వాక్యం మీద నీకు మంచి పట్టుంది, ఆ విషయంలో నాకు సందేహం లేదు. నా బాధంతా ఆ కుర్రవాడి గురించే. మొదటి పేజీలోనే వాణ్ణి కటిక పేదవాడిగా, మతి చలించినవాడిగా నిలబెట్టావు. చివరి పేజీలో సంతలో జనం మధ్య పేల్చేశావు. ఈ మధ్యలో మనిషి ఏమయ్యాడు? పాఠకుడు 'వాడెవడో పిచ్చివాడు' అనుకుని హాయిగా నిద్రపోతాడు. ఆ హాయి మనం ఇవ్వకూడదు.

పేదరికం దగ్గర ఎక్కువసేపు ఆగకు. అమెరికా మీద 2001 సెప్టెంబరు 11 దాడులకు నాయకత్వం వహించిన మహమ్మద్ అత్తా హాంబర్గ్‌లో పట్టణ ప్రణాళిక చదువుకున్నాడు. 2005 జులై 7న లండన్‌లో 52 మందిని బలిగొన్న నలుగురిలో వయసులో పెద్దవాడు అంతకుముందు ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు చదువులో తోడ్పడే ఉద్యోగం చేశాడు. మతమే కారణమని తేల్చేయడం కూడా తొందరపాటే. శ్రీలంకలో తమిళుల ప్రత్యేక దేశం కోసం ఆయుధం పట్టిన ఎల్‌టీటీఈ మతం కోసం పోరాడిన సంస్థ కాదు. అయినా 1987 జులై 5న నెల్లియడి సైనిక శిబిరంలోకి పేలుడు పదార్థాల లారీతో దూసుకెళ్లినవాడి పేరిట ఏటా ఆ రోజున నల్లపులుల దినం, అంటే తన ఆత్మాహుతి దళం పేరిట ఒక స్మారక దినం, జరిపింది.

పంపే సంస్థకు ఇదంతా ఒక లెక్క. 1983 అక్టోబరులో బీరూట్‌లో లారీ బాంబుకు 241 మంది అమెరికా సైనికులు చనిపోయారు, నెలల వ్యవధిలోనే ఆ సేన లెబనాన్ వదిలి వెళ్లింది. ఒక మనిషిని ఖర్చు చేస్తే ఎంత వస్తుందో తక్కిన సంస్థలూ చూశాయి. కానీ ఖర్చయ్యే ఆ మనిషికి లెక్కలు చెప్పరు. పరాయి సైన్యం చేసిన అవమానం, చనిపోయిన అన్న, రేపు గోడల మీద వెలిసే తన బొమ్మ, ఇవే చెబుతారు. అవమానం నిజమైనదే కావచ్చు. దాన్ని వాడుకునే చేయి మాత్రం వేరొకరిది.

ఆ చేయి పట్టు ఎలా బిగుస్తుందో చూడు. దాడికి వెళ్లి ప్రాణాలతో పట్టుబడిన పాలస్తీనా యువకులను ఏరియల్ మెరారి అనే ఇజ్రాయెల్ మనస్తత్వ శాస్త్రవేత్త జైళ్లలో కలిశాడు. వారిలో ఎక్కువగా ఆయనకు కనిపించింది ఉన్మాదం కాదు, నలుగురూ తనను కాదంటారేమోనన్న భయం, ఎదుటివారి మాట తోసిపుచ్చలేని మెతకదనం. దీన్ని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. కానీ 2003లో పాలస్తీనా పట్టణమైన హెబ్రాన్‌లో ఒకే మసీదు ఫుట్‌బాల్ జట్టులోని కుర్రవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఇలాంటి దాడులకు వెళ్లారని తెలిసినప్పుడు, సిద్ధాంతం కంటే స్నేహం ఎంత లోతుగా పనిచేస్తుందో అర్థమవుతుంది.

ఇక దాడికి ముందు తీసే వీడ్కోలు వీడియో. నీ కథలో దానికి ఒక్క వాక్యం ఇచ్చి వదిలేశావు, నాకైతే కథంతా అక్కడే ఉందనిపిస్తుంది. వెనక గోడకు సంస్థ జెండా, చేతిలో తుపాకి, ఎదురుగా ఎవరో రాసిచ్చిన కాగితం. అమ్మానాన్నలను ఏడవవద్దని అడుగుతాడు. అది రికార్డయిన క్షణం నుంచి తోటివారి దృష్టిలో అతను బతికుండగానే అమరుడు. ఇక వెనక్కి తగ్గితే ఏ ముఖంతో వారి మధ్యకు వెళ్తాడు? చావు భయాన్ని సిగ్గు దాటేస్తుంది. కెమెరా పట్టుకున్నవాడు మాత్రం ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అన్నం తింటాడు.

అందరికీ ప్రేరణ వెతకకు. నైజీరియాలో బోకో హరామ్ అనే తీవ్రవాద సంస్థ చిన్నపిల్లల ఒంటికి బాంబులు కట్టి సంతల్లోకి పంపింది. ఆ పిల్లల మనసులో సిద్ధాంతం వెతకడం వారికి ఇంకో అన్యాయం చేయడమే. అక్కడ రాయవలసింది ఆ బాంబులు కట్టినవాళ్ల చేతుల గురించి.

అర్థం చేసుకుంటే సమర్థించినట్టవుతుందని భయపడుతున్నావని నీ ఉత్తరంలో రాశావు. చచ్చిపోయినవారిని నువ్వు సంఖ్యగా మిగల్చకపోతే ఆ భయం అక్కరలేదు. సంతలో ఆ పూట ఎవరు ఏం కొంటున్నారో నీ కథలో లేదు. బాంబు తయారీ మీద మాత్రం పేరా నిండా రాశావు. అది పూర్తిగా కొట్టేయి, ఆ చోటు వారికివ్వు.

తిరగరాసి పంపు. ఈసారి వీడియో తీసిన గదితో మొదలుపెట్టి చూడు. కెమెరా వెనక ఉన్నవాడికి ఒక పేరు పెట్టు, నీ ప్రతిలో వాడు ఇప్పటికి లేనే లేడు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య